అర అంగుళం

పోయిన వారం మాస్టరమ్మను మనం గంట మోగుతున్న తలుపుకి ఇవతల, చేతిలో కర్రతో, ముఖం నిండా అబద్ధంతో వదిలేసి వచ్చాం. ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మాస్టరమ్మ దర్జీ. కోట్లు, ప్యాంట్లు కత్తిరించడంలో ఆ వీధిలో ఆమెను మించినవాళ్ళు లేరు గనక ఆ పేరు వచ్చింది. కింద కొట్టు, పైన ఒక్క గది, మధ్యలో నిటారు మెట్లు. కుడి తుంటి అరిగిపోయి, ఏళ్ళ తరబడి కుంటి కుంటి, చివరికి ఆపరేషన్ చేయించుకుంది. పాత కీలు తీసేసి కొత్తది వేశారు. ఇంటికి పంపే ముందు ఆసుపత్రిలో "ఇంట్లో మీతో ఎవరుంటారు?" అని అడిగితే తడుముకోకుండా "మా చెల్లెలు" అంది. ఆమెకు చెల్లెలున్న మాట నిజమే. ఇద్దరికీ మాటల్లేక ఏళ్ళు గడిచిన మాటా నిజమే. ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయి "ఈసారి మీ చెల్లెలుగారిని చూడాల్సిందే, ఆవిడకి కొన్ని నేర్పాలి" అని చెప్పి వెళ్ళింది. ఆ అమ్మాయే ఇప్పుడు గంట కొడుతోంది.

తలుపు తీసే ముందు మాస్టరమ్మ గదంతా ఒకసారి కలయజూసింది. బల్ల మీద రెండు కప్పులు. ఒకదాంట్లో ఎవరో తాగి వదిలేసినట్టు అడుగున కాస్త టీ. కుర్చీ వీపు మీద ఆడవాళ్ళ కోటు. అది ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళడం మరిచిపోయిన కోటు. ఇన్నేళ్ళ తర్వాత పాపం దానికి పని దొరికింది.

"రా అమ్మాయ్."

ఫిజియో అమ్మాయి సంచి కింద పెట్టి, కప్పుల వంకా కోటు వంకా చూసింది. "మీ చెల్లెలుగారు?"

"ఇప్పుడే బయటికెళ్ళింది. నువ్వు కాస్త ముందొచ్చి ఉంటే కనిపించేది."

"పోయినసారీ ఇప్పుడే వెళ్ళారు."

"దానికి ఇంట్లో కాలు నిలవదమ్మా."

అమ్మాయి దారికి అడ్డంగా ఉన్న కుర్చీని పక్కకి జరిపింది. "సరే, కిటికీ దాకా నడవండి. నేను చూస్తా" అంది.

మాస్టరమ్మ నడిచింది. కిటికీ దగ్గర తిరిగి, ఎలా ఉంది నా నడక అన్నట్టు నిలబడింది. అమ్మాయి ముఖంలో మెచ్చుకోలు ఏమీ లేదు.

"ఆసుపత్రిలో ఇంతకన్నా బాగా నడిచారు."

"వయసు కదమ్మా."

"ఆ వయసు ఆసుపత్రిలోనూ ఉంది. నడుం నొప్పి వస్తోందా?"

"రాకేం, కొంచెం."

"నిద్ర?"

"పడుతుంది."

"తిండి? నిలబడే ఏదో రొట్టెముక్క నమిలి సరిపెట్టుకోవడం లేదుగా? కండ పట్టాలంటే కడుపుకి సరిగా తినాలి."

"మా చెల్లెలు వండిపెడుతుంది."

"వ్యాయామాలు?"

"చేస్తున్నా. అది దగ్గరుండి చేయిస్తుంది."

ఒక అబద్ధం ఆడినవాళ్ళకి దాని సంసారమంతా నడపాల్సిన పని పడుతుంది. మాస్టరమ్మ ఇప్పుడు ఆ చాకిరీలోనే ఉంది. ఆసుపత్రిలో పక్క మంచం మీద ఒక లావుపాటి వంటమనిషి ఉండేది. ఆమెకూ ఇదే ఆపరేషన్. ఇద్దరూ పోటీలు పడి కాళ్ళు ఎత్తేవారు, ఒకరి మీద ఒకరు విసుక్కునేవారు, డాక్టరు వెనక్కి తిరగగానే అతని నడకను వెక్కిరించి నవ్వుకునేవారు. ఇంటికొచ్చాక అవే వ్యాయామాలు, అదే కాలు. కానీ పక్కన "ఇంకొక్కటి ఎత్తవే, చచ్చిపోవులే" అనే గొంతు లేదు. రెండు సార్లు కాలు ఎత్తాక ఎందుకు ఎత్తుతున్నానా అనిపించేది. దుప్పటి లాక్కుని గోడ వైపు తిరిగేది. కొన్నిరోజులు ఒక్క మాటైనా పైకి అనకుండానే పొద్దు గడిచిపోయేది. తన గొంతు ఉందో లేదో చూసుకోవడానికి ఒకసారి కత్తెరతో మాట్లాడింది కూడా.

"కూర్చోండి" అంది అమ్మాయి. "ఆ బూట్లు తీసి చూడాలి."

మాస్టరమ్మ పాదాలు వెనక్కి లాక్కుంది. "వంగకూడదని నువ్వేగా అన్నావు."

"మిమ్మల్ని వంగమనలేదు. నేను వంగుతా."

"కొత్త మేజోళ్ళు. మాసిపోతాయి."

"మాస్టరమ్మగారూ, కాలు ఇటివ్వండి."

ఎత్తు కుర్చీలో కూర్చున్న మాస్టరమ్మ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. కుడి బూటు వచ్చింది. అందులో ఏమీ లేదు. ఎడమ బూటు అమ్మాయి చేతికి బరువుగా తగిలింది. లోపల వేలు పెట్టి ఒక అట్టలాంటిదాన్ని పైకి లాగింది. కోటు కాలర్లో వేసే మందపాటి గుడ్డ, దాని మీద ఉన్ని, దాని మీద అస్తరు. పొరలన్నీ పాదం ఆకారానికి కత్తిరించి, అంచు చుట్టూ చిన్న చిన్న కుట్లతో కుట్టి ఉన్నాయి. మడమ దగ్గర దళసరి, వేళ్ళ వైపు పలచన. దుకాణంలో పెడితే అడిగి కొనుక్కునేలా ఉంది.

"ఇదేంటి?"

"గుడ్డ."

"గుడ్డని తెలుస్తూనే ఉంది. ఎందుకు?"

ఇక దాచి లాభం లేదు. మాస్టరమ్మకు కోపం ముంచుకొచ్చింది. "ఎందుకా? మీ డాక్టరు నా కుడికాలు అర అంగుళం పొడుగు చేశాడు గనక! నేనేం గోల చెయ్యలేదు. అంత పెద్ద ఆపరేషన్లో ఆ మాత్రం తేడా వస్తుందిలే అనుకున్నా. పొట్టి పక్క ఎత్తు పెట్టి సరిచేసుకున్నా. మేం రోజూ చేసే పనే అది. ఒకాయనకి ఒక భుజం దిగి ఉంటే ఆ పక్క కోటులో దూది వేస్తాం. ఆయన పెళ్ళానికి కూడా తెలీదు."

"అర అంగుళమని ఎవరన్నారు?"

"నా టేపు."

ఎలా కొలిచిందో చెప్పినప్పుడు అమ్మాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వంగకూడదు కదా. అందుకని టేపు కొసను మేజోడుకు పిన్నీసుతో గుచ్చి, ఆ మేజోడును పొడుగు కర్రతో తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, రెండో కొసను బొడ్డు దగ్గర పట్టుకుని అంకె చూసుకుంది. ఒక కాలయ్యాక రెండో కాలు. కుడివైపు అర అంగుళం ఎక్కువ.

అమ్మాయి లేచింది. "ఆ టేపు ఇలా ఇవ్వండి. మంచం మీద వెల్లకిలా పడుకోండి."

పడుకున్న మాస్టరమ్మ నడుమును ముందుగా రెండు చేతులతో పట్టుకుని సరిచేసింది. తుంటి ముందు వేలికి తగిలే ఎముక దగ్గర టేపు ఆనించి, చీలమండ ఎముక దాకా లాగింది. రెండో వైపు కూడా అంతే. టేపును మాస్టరమ్మ కళ్ళ ముందు పెట్టింది. రెండుసార్లూ ఒకే అంకె.

"మళ్ళీ తియ్యి."

తీసింది. ఒకటే అంకె.

"కాళ్ళు సమానంగానే ఉన్నాయండీ. ఒరిగింది నడుం. ఇన్నేళ్ళు నొప్పి కాలిని కాపాడుకుంటూ నడిచారు కదా, ఆ పక్క కండరాలన్నీ బిగుసుకుపోయాయి. కొత్త కీలు వేశాక చాలామందికి కాలు పొడుగైనట్టే అనిపిస్తుంది. వ్యాయామం చేస్తూ నిటారుగా నడిస్తే ఆ బిగువు సడలి, నెమ్మదిగా ఆ తేడా పోతుంది. మీరేమో రెండో కాలి కింద ఎత్తు పెట్టి, ఒరిగిన నడుమును ఒరిగినట్టే నిలబెట్టారు. ఇదిగో, ఈ గుడ్డ వల్లే మీరు వెనకపడింది."

మాస్టరమ్మ పైకప్పు వంక చూస్తూ ఉండిపోయింది. కొట్టులో ఎన్నిసార్లు చూసిందో ఈ విషయం! కొత్త ప్యాంటు వేసుకుని, ఒక పక్కకి ఒరిగి నిలబడి, "ఒక కాలు పొడుగొచ్చింది మాస్టరమ్మా" అని గొడవపడేవాళ్ళు. గుడ్డ జోలికి పోకుండా "ముందు మీరు నిటారుగా నిలబడండి" అనేది. ఆ ఒక్క ముక్క తనతో అనే మనిషి లేకపోయాడు.

"మా పనిలో ఒక పద్ధతుంది" అంది నెమ్మదిగా. "ఎంత పెద్ద దర్జీ అయినా తన కొలత తాను తీసుకోడు. అంకె చూద్దామని ఒంగితే ఒళ్ళు కదులుతుంది, కొలత చెడుతుంది. ఇంకొకళ్ళ చేత తీయించుకోవాలి. తెలిసి తెలిసీ..."

"మరి మీ చెల్లెలుగారి చేత తీయించుకోవాల్సింది" అంది అమ్మాయి.

ఏ ఉద్దేశమూ లేకుండానే అంది. టేపు చుడుతూ, మామూలుగా. కానీ ఆ మాట అన్నాక అమ్మాయి చెయ్యి ఆగింది. ఆమె చూపు రెండో కప్పు మీదికి, అక్కణ్ణుంచి కోటు మీదికి, అక్కణ్ణుంచి మంచం మీదికి వచ్చింది. మంచం మీద దిండు ఒక్కటే.

"ఆవిడ ఇక్కడ లేరు కదూ?"

మాస్టరమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"ఎప్పుడైనా ఉన్నారా?"

"ఇద్దరం కలిసే కొట్టు పెట్టాం" అంది మాస్టరమ్మ. "నేను కత్తిరించేదాన్ని, అది కుట్టేది. నా కొలతలు ఎప్పుడూ అదే తీసేది. తర్వాత రెడీమేడ్ బట్టల కొట్లో ఉద్యోగానికి వెళ్తానంది. అక్కడ వాళ్ళు కుట్టిన ప్యాంట్ల కాళ్ళు కత్తిరించి మడవడమే పని. వెళ్తే మళ్ళీ ఈ మెట్లు ఎక్కొద్దన్నాను. అది ఎక్కలేదు."

"మరి ఆసుపత్రిలో ఎందుకలా చెప్పారు?"

"అటు మంచానికీ ఇటు మంచానికీ మనుషులొచ్చే వేళ అమ్మా అది. ఒకావిడకి కొడుకు తల దువ్వుతున్నాడు. ఎవరుంటారని ఆ టైములో అడిగింది మీ నర్సు. చెల్లెలు అన్నాను. అనగానే ప్రాణానికి హాయిగా అనిపించింది. ఇంకోసారి అడిగితే బావుణ్ణు అనుకున్నా."

అమ్మాయికి జాలి కలిగింది, కానీ కోపం దానికన్నా ముందొచ్చింది. "మీరు స్నానాల గదిలో జారిపడి ఉంటే? మీరు చెప్పినదాన్ని నమ్మి మిమ్మల్ని ఈ మెట్లెక్కించాం. ఇలా ఒంటరిగా ఉంటారని తెలిస్తే, కోలుకునేదాకా కనిపెట్టి ఉండే పునరావాస కేంద్రానికి పంపేవాళ్ళం. డాక్టరుగారికి చెప్పకుండా నేను ఉండలేను."

"చెప్పకు తల్లీ."

"చెప్పాలి."

పునరావాస కేంద్రం అనగానే మాస్టరమ్మకు అదే వీధిలో ఉండే గుండీల కొట్టు పెద్దాయన గుర్తొచ్చాడు. కాలు విరిగి, "నాలుగు రోజుల్లో వచ్చేస్తా" అని నవ్వుతూ అక్కడికి వెళ్ళాడు. నాలుగు రోజులు నెలలయ్యాయి. ఆయన గది కిటికీకి ఇప్పుడు ఎవరివో కొత్త తెరలు వేలాడుతున్నాయి. తను వెళ్ళినా అంతే. కింద కొట్టు తాళం తుప్పు పడుతుంది, మాస్టరమ్మ అనే పేరు పిలిచేవాళ్ళు లేక పోతుంది. చావంటే కూడా ఆమెకు అంత భయం లేదు.

"రాత్రిపూట తోడుండే మనిషి ఒకరుంటే?" అంది చివరికి. "నిజంగా ఉంటే?"

అమ్మాయి చేతి గడియారం చూసుకుంది. "నాకింకా రెండిళ్ళున్నాయి. అవి చూసుకుని సాయంత్రం ఇటే వస్తా. ఆ మనిషి ఇక్కడ, నా కళ్ళకి కనిపించాలి. కప్పులూ కోట్లూ కాదు. అప్పటిదాకా డాక్టరుగారికి ఫోన్ చెయ్యను." గుడ్డను సంచిలో వేసుకుంది. "ఇది తీశాక కొన్నాళ్ళు అడుగు తడబడుతుంది. కర్ర వదలకండి. మెట్ల జోలికి మాత్రం వెళ్ళకండి. పడితే కీలు జారుతుంది. మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సొస్తుంది."

అమ్మాయి వెళ్ళాక మాస్టరమ్మ గదిలో అటూ ఇటూ నడిచి చూసింది. ఎడమకాలు వేసిన ప్రతిసారీ నేల ఉండాల్సిన చోట లేనట్టు, గుంటలో పడ్డట్టు ఉంది. నిటారుగా నిలబడాలని చూస్తే కుడి తుంటి లోపల బిగదీసిన దారంలా లాగుతోంది. నొప్పికి కళ్ళనీళ్ళు తిరిగాయి. నొప్పికే కాదు, ఆ మాట ఒప్పుకుందాం.

ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది. క్షమించమని అడగడం ఆమెకు చేతకాదు, సాయం అడగడం అంతకన్నా చేతకాదు. అవతల ఫోన్ ఎత్తగానే అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"ఎవరు?"

"నేనే."

అవతల మిషన్ల చప్పుడు. ఆ చప్పుడు కాస్త దూరమైంది, ఫోన్ పట్టుకుని పక్కకి వచ్చినట్టుంది.

"చెప్పు" అంది చెల్లెలు.

"కొలత తియ్యాలి."

"ఎవరిది?"

"నాదే."

కొలత తియ్యడానికి ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా అంటుందేమోనని మాస్టరమ్మ చెవి ఒగ్గి కూర్చుంది. చెల్లెలు ఆ మాట అనలేదు.

"వస్తా" అని ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత మాస్టరమ్మ చేసిన పనులు చూస్తే మీరు నవ్వుతారు. రెండో కప్పును కడిగి తుడిచింది. కోటును తీసి బీరువాలో పెట్టింది. జుట్టు దువ్వుకుంది. ఏం మాట్లాడాలో కత్తెరకి చెప్పి చూసుకుంది. ఎండ కిటికీ దాటి గోడ మీదికి జరిగింది. చెల్లెలు రాలేదు. రెడీమేడ్ కొట్టు అంత దూరం కాదు, మామూలు మనిషి ఈపాటికి వచ్చేయాలి. మనసు మార్చుకుందేమో అనుకునేసరికి కింద వీధి తలుపు చప్పుడైంది.

"అక్కా."

ఏళ్ళ తర్వాత ఆ పిలుపు. మాస్టరమ్మ కర్ర ఊతతో గది తలుపు తీసి పై మెట్టు దగ్గరికి వచ్చింది. అడుగున చెల్లెలు నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. ఒక చేతిలో గొడుగు, వాన లేకపోయినా. ఆ గొడుగును నేలకి ఆనించి బరువంతా దాని మీద వేసింది. రెండో చెయ్యి గోడ మీద. ఒక భుజం దిగిపోయి ఉంది.

ఎదుటి మనిషి ఒంటిని చూడగానే తేడా పట్టేయడం మాస్టరమ్మ వృత్తి. ఈసారి పట్టడానికి వృత్తి కూడా అక్కర్లేదు. ఆ నిలబడే తీరును ఆమె ఆపరేషన్‌కు ముందు ఏళ్ళ తరబడి రోజూ అద్దంలో చూసింది.

"ఏంటలా చూస్తావ్? అక్కణ్ణుంచే కొలుస్తున్నావా?" అంది చెల్లెలు. అంతలో ఆమె చూపు పైన ఉన్న కర్ర మీద పడింది. "నీకేమైందే?"

"తుంటి మార్చారు. నీకెప్పట్నుంచి?"

"చాలా రోజులైంది."

"చెప్పలేదేం?"

"ఎవరికి?"

మాస్టరమ్మ కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"చేయించుకోవచ్చుగా మరి. నేను చేయించుకున్నా. నీకన్నా పెద్దదాన్ని."

"వెళ్ళాను. ఇంట్లో ఎవరుంటారని అడిగారు. ఎవరూ లేరని చెప్పా. అయితే తోడెవరో చూసుకుని రండి, అప్పుడు తేదీ ఇస్తామన్నారు." చెల్లెలు నవ్వబోయింది. "ఇంకా చూసుకుంటున్నా."

అదే ప్రశ్న. అక్క అబద్ధం చెప్పి కొత్త కీలు తెచ్చుకుంది. చెల్లెలు నిజం చెప్పి అరిగిన కీలుతో తిరిగొచ్చింది. ఒకే ఊళ్ళో, పిలిస్తే వచ్చేంత దూరంలో, ఇద్దరూ ఒకే నొప్పిని విడివిడిగా మోశారు.

చెల్లెలు గొడుగును పక్కన ఆనించి, కమ్మీ పట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. ఒళ్ళు పైకి లాగబోయింది. ముఖం పాలిపోయింది. కాలు మళ్ళీ నేల మీదికి దిగింది. ఇంకోసారి ప్రయత్నించింది. ఈసారి పంటి బిగువున పట్టినా చిన్న అరుపు బయటికి వచ్చింది.

"నా వల్ల కాదక్కా. దగ్గరే అనుకుని నడిచొచ్చేశా, అప్పుడే కాలు పట్టేసింది. ఇంకెక్కువసేపు నిలబడలేను కూడా." గొడుగు అందుకుంది. "నీకు తోడు కావాలని పిలిచినట్టున్నావు. తప్పు మనిషిని పిలిచావు. ఆటో చూసుకుని వెళ్తా. నువ్వు లోపలికెళ్ళి పడుకో."

"సాయంత్రం ఒకమ్మాయి వస్తుంది, ఆ పిల్ల పట్టుకుని ఎక్కిస్తుంది. అప్పటిదాకా ఉండవే."

"నా పని ఇంతా అని ఆ పిల్లకి చూపించడానికా? వద్దులే." చెల్లెలు వీధి వైపు తిరిగింది. తిరగడానికే చాలాసేపు పట్టింది.

ఇప్పుడు వెళ్తే చెల్లెలు మళ్ళీ రాదు. ఆ సంగతి మాస్టరమ్మకు తెలుసు. ఇద్దరిదీ ఒకటే రక్తం, ఒకటే పొగరు. సాయంత్రానికి ఖాళీ గది చూపిస్తే ఫిజియో అమ్మాయి ఫోన్ చేస్తుంది. కానీ ఆ క్షణంలో ఆమె ఆలోచిస్తున్నది ఆ ఫోన్ గురించి కాదు. వీధి తలుపు వైపు ఒరిగి ఒరిగి పోతున్న ఆ వీపు గురించి.

కర్రను గోడకి ఆనించింది. అది జారి టకటకమంటూ మెట్లన్నీ దొర్లి చెల్లెలు కాళ్ళ దగ్గర పడింది. చెల్లెలు ఉలిక్కిపడి వెనక్కి చూసింది.

"ఏం చేస్తున్నావ్? ఆగు! అక్కా, ఆగవే! నువ్వు పడితే నేను పట్టుకోలేను!"

"పట్టుకోవద్దులే. వెళ్ళిపోకు, చాలు" అంటూ మాస్టరమ్మ రెండు చేతులా కమ్మీ బిగించి పట్టుకుని, కొత్త కీలున్న కాలిని మెట్టు మీదికి దించింది.